ఈస్టర్ దాకా ఆగమన్నాను

మా తమ్ముడికి రెండు కిడ్నీలూ పాడయ్యాయని తెలిసిన ఏడాదే నేను బడి నుంచి రిటైరయ్యాను. వాడు కాశీబుగ్గలో మోటార్లకి వైండింగ్ చేసేవాడు. జబ్బు చేశాక కొట్టు మూసేశాడు. మరదలు జీడిపప్పు ఫ్యాక్టరీలో పనికి పోతేగాని ఇల్లు గడవదు. అందుకని వారానికి రెండుసార్లు వాణ్ణి పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్లే పని నాది. మంగళవారం, శుక్రవారం. పొద్దున్న మిషను మీద పెడితే నాలుగు గంటలు. నేను వార్డు గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చునేదాన్ని. అక్కణ్ణించి వాడి మంచం, దాని పక్క మంచం కనబడేవి. వాళ్లు మాట్లాడుకుంటే వినబడేది కూడా.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆ పక్క మంచం మీదికి ఒకాయన వచ్చాడు. కవిటి అవతల పల్లె. కొబ్బరితోట రైతు. అక్కడ డయాలసిస్‌కి టర్ను కుదరక ఇంత దూరం రావలసి వచ్చేది. యాభై అయిదు దాటి ఉంటాయి. మెడ పక్కన పైపు, దాని మీద కట్టు, ఆ కట్టు ఎవరికీ కనబడకుండా ఒక తువ్వాలు. చేతి నరాలు కలిపి ఫిస్టులా చేస్తే ఆ పైపు తీసేయవచ్చు. ఆయనకి సరైన నరం దొరకలేదట. కొన్నాళ్లాగి మళ్లీ చూద్దామన్నారట. అందాకా పైపుకి చుక్క నీరు తగలకూడదు. తలస్నానం చేసి ఎన్ని నెలలయిందో చెబుతూ నవ్వేవాడు.

మొదట్లో వాళ్లిద్దరి మధ్యా పలకరింపులకి మించి ఏమీ లేదు. ఒక శుక్రవారం అటు చివరి మంచం మీదున్న పెద్దాయన మిషను మీదుండగానే కన్నుమూశాడు. తెర లాగారు. తెర వెనక ఆయన కూతురు ఏడుస్తోంది. మిగతా మంచాల వాళ్లు లేచి పోవడానికి లేదు, కళ్లు మూసుకోవడం తప్ప చేయగలిగింది లేదు. ఈ రైతుకి ఒళ్లంతా వణుకు పట్టుకుంది. మా తమ్ముడు సూదులు లేని చేతిని మంచాల మధ్య సందులోంచి చాచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మిషను ఆపేదాకా వదల్లేదు.

కాసేపయ్యాక ఆయన అడిగాడు.

“నీకు బయం నేదేటి తమ్మా?”

“ఎందుకు నేదు? ఉంది. కాపోతే ఒక్కన్నే ఉన్నానని అనుకోను.”

“నీతోటి ఎవులున్నారు?”

 మా వాడు మతం గురించి ఎవరి దగ్గరా మాట్లాడే మనిషి కాదు. బాప్టిస్టు సంఘంలో పుట్టాడు, ఆదివారం గుడికి వస్తాడు, వెనక వరసలో కూర్చుని వెళ్లిపోతాడు. అలాంటివాడు ఆరోజు, “యేసుపెబువు” అన్నాడు, సిగ్గుపడుతూ.

ఆ తరువాతి టర్నుకి ఆయనే మాట కదిపాడు. మీ దేవుణ్ణి నమ్ముకుంటే కిడ్నీలు బాగవుతాయా అని అడిగాడు. వాడు, నావే బాగవలేదు కదా, మీకెలా చెబుతాను అన్నాడు. గుమ్మం దగ్గర కూర్చున్న నాకు ఆ జవాబు రుచించలేదు. ఇంకొంచెం ఆశ ఉండేలా చెప్పవచ్చు కదా అనుకున్నాను. కాని ఆయన మా వాణ్ణి నమ్మింది ఆ జవాబుతోనే అని తరవాత నాకు తెలిసింది. అప్పటికే స్వస్థత చేస్తామనేవాళ్లు, తాయెత్తులు కట్టేవాళ్లు, ఆకు పసరు పోసేవాళ్లు అందరూ ఆ ఇంటికి వచ్చి వెళ్లారు. ఏమీ బాగవదని చెప్పి పక్కన కూర్చున్నవాడు వీడొక్కడే.

డిసెంబరు వచ్చింది. ఆసుపత్రి ఎదురు కొట్లలో కాగితం నక్షత్రాలు వేలాడదీశారు. అవి దేనికని ఆయన అడిగితే మా వాడు క్రిస్మస్ గురించి చెప్పాడు. దేవుడు మన బాధలు దూరం నుంచి చూస్తూ ఊరుకోలేక మనిషిగా పుట్టాడని, నిండు చూలాలికి ఆ ఊళ్లో ఎవరూ చోటివ్వకపోతే పశువులు మేసే తొట్టిలో బిడ్డని పడుకోబెట్టారని, ఆ కబురు ముందుగా వెళ్లింది గొర్రెలు కాసుకునే వాళ్లకని చెప్పాడు. ఆయన మిషను వంక చూస్తూ అంతా విన్నాడు. అప్పుడు అన్నాడు.

“అయితే డాకటేరు లాగ రానేదన్నమాట. పక్క మంచమ్మీదికొచ్చి పడుకున్నాడు.”

నేను ఊహ తెలిసినప్పటి నుంచి క్రిస్మస్ ప్రసంగాలు వింటున్నాను. సండేస్కూలు పిల్లలకి నేనే ఏళ్ల తరబడి ఆ కథ చెప్పాను. చీపురుపుల్లలతో పశువుల పాక కట్టించాను, దూది అంటించి గొర్రెల్ని చేయించాను. అందులో ఉన్నది ఇదీ అని అంత సూటిగా నాకెప్పుడూ తట్టలేదు.

ఆ మరుసటి వారమే ఆయన బాప్తిస్మం కావాలన్నాడు. మా తమ్ముడు కంగారుపడి నా వైపు చూశాడు. నేను లోపలికి వెళ్లి, ఇంట్లో చెప్పారా అని అడిగాను. భార్యకి చెప్పానని, ఆవిడ ఏమీ అనలేదని, కొడుకు మాత్రం కోపంగా ఉన్నాడని అన్నాడు. తొందరేముంది, క్రిస్మస్‌కి మా గుడికి రండి, చూడండి, ఆలోచించుకోండి అన్నాను. “ఆలోసించీడానికి నా కాడ రోజులు నేవు టీచరమ్మా” అన్నాడు. మెత్తగానే అన్నాడు.

మా అయ్యగారితో చెప్పాను. పాస్టరుగారిని మేమలాగే పిలుస్తాం. ఆయన వయసులో చిన్నవారు, మంచివారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీని కూర్చోబెట్టారు. నలుగురు పెద్దలు, స్త్రీల సమాజం తరఫున నేను.

మొదటి చిక్కు పైపు. మాది ముంచి బాప్తిస్మం ఇచ్చే సంఘం. గుడి వెనక అందుకని కట్టించిన సిమెంటు తొట్టిలో నడుం లోతు నీళ్లు నింపి మనిషిని నిలువునా ముంచి లేపుతారు. మెడలో పైపు ఉన్న మనిషిని ముంచితే అందులోంచి క్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి. అయ్యగారు, తల మీద నీళ్లు పోసి ఇద్దామా, దేవుడు అర్థం చేసుకోడా అన్నారు. పెద్దల్లో అందరికన్నా పెద్దాయన తల అడ్డంగా ఊపారు. మన తాతలు ముత్తాతలు ఈ మాట మీదే నిలబడ్డారు, ఈరోజు ఒకరికి పోస్తే రేపు అందరికీ పోయాలి అన్నారు. ఇంకొకాయన, యేసు పక్క సిలువ మీద పరదైసు పొందిన దొంగని ఎవరు ముంచారండీ అన్నాడు. 

అసలు సంగతి అది కాదని అందరికీ తెలుసు. దాన్ని బయటపెట్టింది గుడి తాళాలు ఉంచుకునే పెద్ద. ముందురోజు ఆ రైతు కొడుకు అయ్యగారికి ఫోన్ చేశాడట. మా నాన్న ఒంట్లో బాగోలేని మనిషి, ఆయన్ని ఏం చేస్తున్నారు మీరు అని అడిగాడట. తిట్టలేదట. అలా అడిగి పెట్టేశాడట.

“ఆ ఊరోలొచ్చి గుడి ముందు కూకుంటే మనం ఏటి సెప్తాం? రోగిట్టోన్ని మాయ సేసి మార్సినారంతారు. రోజులు బాగోనేవు” అన్నాడు ఆ పెద్ద.

ఆయన పిరికివాడని అనను. మతం మార్చారంటూ బయటి ఊళ్లలో గుళ్ల మీద జరిగిన దాడులు మేమంతా ఫోన్లలో చూస్తూనే ఉన్నాం. మా గుడి చుట్టూ ఉన్నవి పాతిక ఇళ్లు. కూలికి వెళ్లేవాళ్లు, ఆటోలు నడిపేవాళ్లు. ఏదైనా జరిగితే మా వెనక నిలబడేవాళ్లు లేరు. నాకు వేరే భయం కూడా ఉంది. ఎవరు మార్చారని అడిగితే వేలు చూపించేది మా తమ్ముణ్ణే. వాడు రోజు విడిచి రోజు లేచి నిలబడగలిగితేనే గొప్ప.

అయ్యగారు నా వైపు తిరిగి, మీరేమంటారు టీచరుగారూ అని అడిగారు. ఆ మనిషిని ఎరిగినదాన్ని అక్కడ నేనొక్కదాన్నే. ఆయన రోజులు లేవన్న మాట విన్నదాన్ని కూడా నేనే. ఆ మాట వాళ్లకి చెప్పలేదు.

“ఈస్టర్ దాకా ఆగుదాం” అన్నాను. “అప్పటికి ఫిస్టులా అవుతుంది, పైపు తీసేస్తారు. ఇంట్లోవాళ్లూ మెత్తబడతారు. అప్పుడు ఆ పండక్కి తీసుకునే అందరితో పాటు తొట్టిలోనే ఇవ్వచ్చు.”

గదిలో అందరూ ఒక్కసారి ఊపిరి వదిలినట్టయింది. కాదన్నమాట లేకుండా కాదనే దారి నేను చూపించాను. అది వాళ్లకీ నచ్చింది, నాకూ నచ్చింది. అయ్యగారు ప్రార్థన చేసి ముగించారు.

మంగళవారం ఆ రైతుకి ఈ సంగతి నేనే చెప్పాను. ఈస్టర్ అంటే ఎప్పుడని అడిగాడు. ఏప్రిల్‌లో అన్నాను. వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టుకున్నాడు. నెలలు కాదు, టర్నులు.

“ముప్పై పైన” అన్నాడు. తరవాత, “సర్లే టీచరమ్మా. మీరు సెప్పినట్టే” అన్నాడు.

మా తమ్ముడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. 

క్రిస్మస్ పొద్దున్న ఆయన గుడికి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు, రెండు ఆటోలు మారి. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా, మెడ చుట్టూ తువ్వాలు. కాళ్లు వాచి ఉన్నాయి, చెప్పులు విడవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. మా తమ్ముడు ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మగవాళ్ల వైపు తన పక్కనే కుర్చీ వేయించాడు. సంఘం చెడ్డగా ఏమీ లేదు. వందనాలు చెప్పారు, ఎవరో పాటల కాగితం ఇచ్చారు. కాని కొందరు మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తున్నారు, ఆయన వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని.

అయ్యగారు ఆరోజు నిండు చూలాలికి చోటు లేదన్న సత్రం గురించే ప్రసంగం చేశారు. ప్రతి ఏడూ ఉండేదే. నేను ఆడవాళ్ల వైపు ముందు వరసలో కూర్చుని వింటున్నాను. ఒకసారి మధ్యలో ఆపేశారు. మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టారు.

తరవాత ప్రభువు బల్ల. మా సంఘంలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. పెద్దలు పళ్లేలు పట్టుకుని వరసల మధ్య నడుస్తారు. తాళాల పెద్ద పళ్లెంతో ఆ వరసలోకి వెళ్లడం నేను చూశాను. ఆయన మా రైతు ముందు ఒక్క క్షణం ఆగాడు. అందరూ తీసుకోవడం చూసి, తనకీ ఇస్తారనుకుని రైతు చెయ్యి చాచాడు. పెద్ద మొహం ఎర్రబడింది. పళ్లెం పక్కకి జరిపి మా తమ్ముడి ముందు పెట్టాడు. చాచిన చెయ్యి వెనక్కి పోయి తువ్వాలు సర్దుకుంది.

మా తమ్ముడు పళ్లెం వంక చూశాడు. తీసుకోలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. పెద్ద ముందుకి వెళ్లిపోయాడు. రసం గిన్నెలు వచ్చినప్పుడూ అంతే.

నా దగ్గరికి పళ్లెం వచ్చింది. నేను తీసుకున్నాను. తీసుకుని తిన్నాను.

ఆరాధన తరవాత ప్రేమవిందు భోజనంలో ఆ రైతు రెండు ముద్దలు తిని ఆపేశాడు. వడ్డిస్తూ నేను పక్కకి వెళితే, బాగా జరిగింది టీచరమ్మా అన్నాడు. ఇంతమందితో కలిసి కూర్చుని చాలా రోజులయిందన్నాడు. జబ్బు మొదలయ్యాక ఊళ్లో పెళ్లిళ్లకీ పిలవడం మానేశారట, పిలిచినా వెళ్లడం ఆయనే మానేశాడట. క్షమించండి అనబోయాను. కాని ఏ సంగతికి క్షమాపణ అడుగుతున్నానో చెప్పాలి కదా. అన్నం ఇంకొంచెం వేయనా అని మాత్రం అడిగాను.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం పక్క మంచం మీద వేరే మనిషి ఉన్నాడు. నర్సమ్మ మా తమ్ముడికి సూదులు పెట్టి ప్లాస్టరు వేశాక చెప్పింది. ఆ రైతుకి శనివారం చలిజ్వరం వచ్చిందట. పైపు దగ్గర చీము పట్టిందట. శ్రీకాకుళం తీసుకెళ్లారట, ఆదివారం పోయాడట. నీళ్లు తగలకుండా అన్ని నెలలు కాపాడుకున్న పైపే.

టర్ను ముగిశాక మా వాడు ఇంటికి రానన్నాడు. నీరసంగా ఉన్నావురా, రేపు వెళదాం అంటే వినలేదు. అయ్యగారికి ఫోన్ చేస్తే ఆయనా బయలుదేరారు. ముగ్గురం ఆటోలో ఆ పల్లెకి వెళ్లాం. సోమవారమే దహనం అయిపోయింది. తోట మధ్యలో ఇల్లు. వెనకటి తుఫానుకి మొవ్వు విరిగిన కొబ్బరిచెట్లు కొన్ని ఇంకా మోడులుగానే నిలబడి ఉన్నాయి. కొడుకు వాకిట్లో ఎదురొచ్చాడు. ముప్పై ఏళ్లవాడు, పొడుగ్గా, తండ్రి పోలికే. అయ్యగారు తానెవరో చెప్పారు. అతను, ప్రార్థనలు గట్రా వద్దండి అన్నాడు. చేయమని అయ్యగారు మాటిచ్చాక మమ్మల్ని రానిచ్చాడు.

ఆయన భార్య గోడకి జేరబడి కూర్చుని ఉంది. మేమెవరమో ఆవిడకి చెప్పనక్కర లేకపోయింది. మా తమ్ముడి చేతి మీద ప్లాస్టర్లు చూసి గుర్తుపట్టింది. నన్ను చూసి, టీచరమ్మ మీరేనా అంది. అవునన్నాను.

“ఆయన మీ కాడికొచ్చినారు. మీరు తీసుకోనేదంట గదా” అంది.

అందులో కోపం లేదు. తెలియక అడిగినట్టే అడిగింది. మా వాళ్లు వద్దన్నా ఆయన మీ దగ్గరికి వచ్చాడు, మరి మీకేమైంది అన్నట్టు. అయ్యగారు తల దించుకున్నారు. ఈస్టర్ అని, పైపు అని, నేను ఏదో చెప్పడం మొదలుపెట్టాను. నా మాటలు నాకే కమిటీలో మాట్లాడినట్టు వినబడి ఆపేశాను.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో మా తమ్ముడు అన్నాడు.

“నువ్వు బాగానే సెప్పినావు అప్పా. ఎవులికీ ఇబ్బంది అవకండా సెప్పినావు.”

అంతే. ఆ తరవాత ఆ విషయం వాడు ఎప్పుడూ ఎత్తలేదు. వాడు నన్ను ఇంకొక మాట ఏదైనా అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఈస్టర్‌కి తొట్టి నింపారు. ఆ ఏడు ఆరుగురు బాప్తిస్మం తీసుకున్నారు, అందరూ మా సంఘం పిల్లలే. నేను వాళ్లకి తువ్వాళ్లు అందిస్తూ నిలబడ్డాను. సాయంత్రం అయ్యగారు మా ఇంటికి వచ్చారు. ఆయన మనసులో కూడా అదే ఉన్నట్టుంది. దేవుడు ఆ రైతుని ఎప్పుడో చేర్చుకున్నాడు టీచరుగారూ, మనం ఇవ్వకపోతే ఆగిపోయేది కాదు అన్నారు. అది నేనూ నమ్ముతాను. కాని ఆయన అడిగింది దేవుణ్ణి కాదు. మమ్మల్ని అడిగాడు. ఆ మాటే అయ్యగారితో అన్నాను. ఆయన టీ చల్లారిపోయేదాకా కూర్చుని వెళ్లిపోయారు.

మళ్లీ డిసెంబరు వచ్చినప్పుడు, క్రిస్మస్ ముందు ఆదివారం, ఆ ఏడు దేవుడు తమకి చేసినవాటి గురించి సాక్ష్యాలు చెప్పేవాళ్లు లేచి చెప్పండి అన్నారు. నేను లేచాను. కమిటీ గదిలో ఏం జరిగిందో చెప్పాను. ఆయనకి రోజులు లేవని నాకు తెలిసి కూడా దాచానని, మా తమ్ముడికి ఏమవుతుందో అన్న భయంతో దాచానని చెప్పాను.  ఎవరిదో చంటిపిల్ల ఏడిస్తే తల్లి బయటికి తీసుకెళ్లింది. నేను కూర్చున్నాక పెద్దాయన లేచి, పండగ నాటి విందుకి బియ్యం తెచ్చేవాళ్లు గురువారం లోపల తేవాలని చెప్పారు. బయటికి వచ్చాక తాళాల పెద్ద నా దగ్గరికి వచ్చి, అది అందరం కలిసి అనుకున్నది కదా, మీరొక్కరే ఎందుకు నెత్తికెత్తుకుంటారు అన్నాడు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి. నేను కమిటీలోంచి తప్పుకుంటానంటే మాత్రం ఎవరూ వద్దనలేదు.

ఆ తరవాత రెండు నెలలకి మా వీధిలో ఒక ముసలావిడ మంచాన పడింది. మా సంఘంలోనే పుట్టిన మనిషి. ఏ కారణం చేతనో చిన్నప్పుడు బాప్తిస్మం తీసుకోకుండా ఉండిపోయింది. తుంటి విరిగింది, కదపడానికి లేదు. పోయేలోపల బాప్తిస్మం కావాలని అడిగింది. ఈసారి కమిటీ కూర్చోలేదు. పెద్దలే అయ్యగారిని వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లారు. ఆడమనిషి తోడు ఉండాలని నన్ను పిలిచారు.

స్టీలు చెంబుతో నీళ్లు తెచ్చారు. నేను ఆవిడ తల కింద చెయ్యి పెట్టి ఎత్తి పట్టుకున్నాను. అయ్యగారు తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అంటూ మూడుసార్లు నుదుటి మీద పోశారు. తాతల మాట ఎవరూ ఎత్తలేదు. పెద్దాయన ఆమెన్ అన్నారు. నీళ్లు ఆవిడ చెవుల మీదుగా జారి నా మోచేతి దాకా వచ్చి దిండు తడిసింది. ఆవిడ నవ్వుతోంది. ఆవిడ ఆనందం చూసి నేనూ సంతోషించాలి. ఎంత ప్రయత్నించినా నా వల్ల కాలేదు. తల మెల్లగా దిండు మీద ఆనించి, దిండు గలీబు మార్చడానికి ఉతికింది ఎక్కడుందో ఆవిడ కోడల్ని అడిగాను.